ఆర్ట్స్ నుంచి ఇంజనీరింగ్‌కు: చదువు మధ్యలో మలుపు

శ్రోతలకు నమస్కారం. సాహిత్యమో, చరిత్రో, తత్త్వశాస్త్రమో ప్రధాన విషయంగా అమెరికా విశ్వవిద్యాలయంలో ఏడాదో రెండేళ్లో చదివాక ఇంజనీరింగ్ వైపు మనసు మళ్లిన విద్యార్థిని అందరూ మొదట అడిగేది, ‘నీకు లెక్కలు వచ్చా?’ అనే. ఒక్క సెమిస్టర్ క్యాలిక్యులస్ చదివితే ఆ సంగతి తనంతట తానే తేలిపోతుంది. అంతకన్నా ముందుగా చూసుకోవలసినది, ఏ పాఠం తరువాత ఏ పాఠం తీసుకోవాలి, ఆ వరుస ముగియడానికి ఎన్ని సెమిస్టర్లు పడుతుంది అన్నది.

చరిత్ర విద్యార్థి మధ్యయుగాలకన్నా ముందు ఆధునిక యుగాన్ని చదివినా పెద్దగా నష్టపోడు. ఇంజనీరింగ్‌లో ఆ వెసులుబాటు తక్కువ. మొదటి క్యాలిక్యులస్ కాకుండా రెండవది తీసుకోలేము. నిశ్చలంగా ఉన్న వస్తువు మీది బలాలను లెక్కగట్టే స్టాటిక్స్ గట్టెక్కకుండా, ఆ బలాలకు పదార్థం ఎంత సాగుతుందో, ఎక్కడ విరుగుతుందో చెప్పే పాఠంలో చేరడం సాధారణంగా కుదరదు. ఒకే సెమిస్టర్‌లో రెట్టింపు పాఠాలు తీసుకుని వెనకబాటు పూడ్చుకుందామని ఎంత పట్టుదలగా ఉన్నా, ఒకదాని మీద ఒకటి ఆధారపడిన పాఠాలను పక్కపక్కన చదవలేము కదా.

ఇక అప్పటికే సంపాదించిన క్రెడిట్ల మాట, అంటే ఒక్కో పాఠం పూర్తిచేస్తే డిగ్రీ లెక్కలో చేరే పాయింట్ల మాట. అమెరికాలో ఇంజనీరింగ్ డిగ్రీలకు గుర్తింపునిచ్చే ఏబెట్ సంస్థ నియమాల ప్రకారం గణితం, మౌలిక విజ్ఞానశాస్త్రాలు కలిపి కనీసం 30 సెమిస్టర్ క్రెడిట్లు, ఇంజనీరింగ్ విషయాలు కనీసం 45 ఉండాలి. డిగ్రీ మొత్తం 120 క్రెడిట్లనుకుంటే, పాత చదువు ఇమడడానికి మిగిలేది మహా అయితే 45. అంతకు మించి చదివినది జ్ఞానంగా మిగులుతుందే తప్ప డిగ్రీ లెక్కలోకి రాదు.

చదివే పద్ధతి కూడా మారాలి. నాలుగు మీటర్ల దూలానికి రెండు చివర్లా ఆధారాలు ఉన్నాయనుకోండి. ఎడమ చివరకు ఒక మీటరు దూరంలో 600 న్యూటన్ల బరువు పెట్టారు, దూలం సొంత బరువును వదిలేద్దాం. దగ్గరగా ఉన్న ఎడమ ఆధారమే ఎక్కువ మోస్తుందని ఎవరైనా చెబుతారు. ఎంత ఎక్కువో చెప్పాలంటే మాత్రం బొమ్మ గీసి, బాణాలతో బలాలను గుర్తించి, ఎడమ చివర చుట్టూ దూలాన్ని తిప్పే ప్రభావాన్ని లెక్కించాలి: 600ను ఒకటితో గుణించి నాలుగుతో భాగిస్తే కుడి ఆధారం మీద 150, మిగిలిన 450 ఎడమ దాని మీద. పుస్తకంలో చేసి చూపిన లెక్కను చదువుతున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది. పుస్తకం మూసి, బరువును కాస్త జరిపి, తెల్ల కాగితం ముందు కూర్చుంటే చెయ్యి కదలదు. చదివి గ్రహించడంలో ఆరితేరిన ఆర్ట్స్ విద్యార్థికి ఎదురయ్యే అసలు చిక్కు, నా దృష్టిలో, ఇదే.

అలాగని పాత చదువు బరువేమీ కాదు. సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఒక తత్త్వశాస్త్ర తరగతిలో, నిజం, అబద్ధం అనే రెండే విలువలతో లెక్కలా నడిచే జార్జ్ బూల్ తర్కాన్ని తెలుసుకున్నాడు. 1937లో ఎమ్‌ఐటీలో సమర్పించిన మాస్టర్స్ సిద్ధాంత వ్యాసంలో ఆ తర్కంతోనే రిలే సర్క్యూట్లను, అంటే విద్యుత్తుతో తెరుచుకుని మూసుకునే స్విచ్‌ల వలయాలను, విశ్లేషించవచ్చని చూపాడు. ఆయన అప్పటికే ఇంజనీరింగ్ విద్యార్థి, పైగా అసాధారణుడు. ఆయనతో పోల్చుకోమని అనను. కానీ డిజైన్ నివేదికను తికమక లేకుండా రాయగలగడం సామాన్యులకూ అక్కరకొచ్చే విద్యే.

కాబట్టి పాత విభాగంలో ఉండగానే మొదటి క్యాలిక్యులస్, వీలైతే భౌతికశాస్త్రం తీసుకుని చూడటం మేలు. కొన్ని పాఠాలు ఏడాదికి ఒక్కసారే చెబుతారు. అలాంటిదాంట్లో తప్పితే వెనకున్న వరుసంతా ఏడాది జరుగుతుంది. సలహాదారు దగ్గర కూర్చుని, ఏ పాఠం ఏ సెమిస్టర్‌లో దొరుకుతుందో చివరి సెమిస్టర్ దాకా కాగితం మీద వేయించుకోవాలి. అదనంగా ఎన్ని సెమిస్టర్ల ఫీజు కట్టాలో, స్కాలర్‌షిప్ అంతవరకు వస్తుందో రాదో ఆ కాగితం చూస్తేనే తెలుస్తుంది.