మధ్యాహ్నం ఒంటిగంట బడి

అందరికీ నమస్కారం. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం ఒక్క పూటలో తెమలదు కాబట్టి ఒక్క బడి కథ చెబుతాను. అమెరికాలో, న్యూ ఆర్లిన్స్ నగరంలో, ఉర్సులైన్ అకాడమీ అని ఉంది. కతోలిక సిస్టర్లు పెట్టిన ప్రైవేటు బడి, ఆడపిల్లలకు మాత్రమే. 1727లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. అది పుట్టేనాటికి అమెరికా అనే దేశమే లేదు. ఆ ఊరు అప్పుడు ఫ్రెంచివాళ్ల వలస.

కథ మొదలు మాత్రం ఇటలీలో. 1535లో బ్రెషా పట్టణంలో ఆంజెలా మెరీచి అనే ఆవిడ 28 మంది అమ్మాయిలను కూడగట్టి, పునీత ఉర్సులా పేరున ఒక సంఘం పెట్టింది. పెళ్లి చేసుకోకుండా, మఠంలో చేరకుండా, ఎవరింట్లో వాళ్లుంటూనే దేవుడి పని చేయొచ్చు అంది. ఆ రోజుల్లో ఆడపిల్లకు అటు అత్తిల్లు, ఇటు మఠం. మధ్యలో ఇంకో దారి ఉందనడం చిన్న మాట కాదు. ఆ స్వేచ్ఛ ఎంతోకాలం సాగనివ్వలేదు లెండి. 1612లో ప్యారిస్‌లో ఆ సంఘంవాళ్లు, అంటే ఉర్సులైన్లు, మఠం గోడల వెనక్కి వెళ్లారు. వెళ్తూ వెళ్తూ ఒక పని చేశారు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని సన్యాసినులు ఇచ్చే మూడు మాటపట్టులకు నాలుగోది కలిపారు: ఆడపిల్లలకు చదువు చెబుతాం అని. చదువు చెప్పడం మానేస్తే దేవుడికిచ్చిన మాట తప్పినట్టే. బడి ఆశయం ఏమిటని అడిగితే నేను ఆ నాలుగో మాటపట్టునే చూపిస్తాను.

1727 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ నుంచి ఈ సిస్టర్లు న్యూ ఆర్లిన్స్‌కు ఓడెక్కారు. వాళ్లతో ఒప్పందం రాసుకున్నది ఫ్రెంచి వర్తక కంపెనీ. కంపెనీకి ముఖ్యంగా కావలసింది ఆసుపత్రి చూసుకునే మనుషులు. బడి మీద మనసు సిస్టర్లది. వాళ్లలో మారీ మడ్లీన్ అషార్ అనే చిన్నమ్మాయి ఉంది, ఇంకా సన్యాసం కూడా పుచ్చుకోలేదు. రూఆన్‌లో ఉన్న తండ్రికి ఉత్తరాలు రాసేది. ప్రయాణం ఐదు నెలలు దాటింది. ఓడ ఇసుకలో కూరుకుపోతే బరువు తగ్గించడానికి సరుకులు సముద్రంలో పారేశారట. దిగాక మఠం కట్టి ఉంటుందనుకుంటే, లేదు! అది పూర్తయ్యేసరికి 1734 వచ్చింది. అయినా బడి ఆగలేదు, అద్దె ఇంట్లోనే పెట్టేశారు.

అషార్ ఉత్తరాల్లో ఒక మాట నన్ను పట్టుకుంది. నల్లజాతి ఆడవాళ్లకూ, ఆదివాసీ ఆడపిల్లలకూ రోజూ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా వేరే బడి నడిపేవారు. చెప్పింది ఎక్కువగా సత్యోపదేశమే, అంటే క్రైస్తవ మతపాఠాలే, జ్ఞానస్నానానికి సిద్ధం చేయడమే. అయినా బానిస పిల్లను కూర్చోబెట్టి చెప్పడమన్నది ఆ ఊళ్లో ఇంకెవరు చేశారు?

అక్కడే కథ ఆపేసి చప్పట్లు కొట్టించుకోవచ్చు. కానీ ఆ మఠానికీ బానిసలుండేవారు. మఠం తోటలో దున్నినవాళ్లు, వంటింట్లో వండినవాళ్లు కొనుక్కున్న మనుషులు. ఒంటిగంటకు పాఠం విన్న పిల్ల, రెండున్నరకు లేచి వెళ్లేది యజమాని పనికే. కొందరి విషయంలో ఆ యజమాని మఠమే. కాలం అలాంటిదండీ అంటారు కొందరు. కాలం అలాంటిదే. కానీ వాళ్లు తమ కాలం కంటే ముందు నడిచారని పొగిడే మనం, ఈ ఒక్క చోట మాత్రం కాలాన్ని అడ్డుపెట్టడం నాకు రుచించదు.

ఇక వాళ్ల ధైర్యం సంగతి. 1803లో, న్యూ ఆర్లిన్స్ ఉన్న లూసియానా ప్రాంతం స్పెయిన్ చేతిలోంచి మళ్లీ ఫ్రాన్స్ చేతికి పోయే సమయం వచ్చింది. ఫ్రెంచి విప్లవంలో మఠాలు మూయించి ఆస్తులు లాక్కున్న సంగతి గుర్తుండి, 16 మంది సిస్టర్లు స్పెయిన్ పాలనలో ఉన్న హవానాకు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు పిడికెడుమంది. ఆ ఏడాదే లూసియానాను అమెరికా కొనేసింది. మా ఆస్తి మాకుంటుందా, అది మాకోసం కాదు, అనాథ పిల్లల కోసం అని అధ్యక్షుడు జెఫర్సన్‌కే నేరుగా ఉత్తరం రాశారు. 1804లో ఆయన జవాబిచ్చాడు: మీ ఆస్తి మీదే, మీ నియమాల ప్రకారమే మీరు నడుచుకోండి, ప్రభుత్వం జోక్యం చేసుకోదు అని. ఓటు లేని ఆడవాళ్లు, అదీ ప్రొటెస్టంట్ల రాజ్యంలో కతోలిక స్త్రీలు, రాయించుకున్న హామీ అది. 1815 జనవరి 8న న్యూ ఆర్లిన్స్ యుద్ధంలో ఇంగ్లీషు సైన్యం మీద గెలిచాక, అమెరికా జనరల్ జాక్సన్ సిస్టర్ల ప్రార్థనలకు కృతజ్ఞతలు చెప్పడానికి మఠానికి వచ్చాడు. ఆ రోజున ఇప్పటికీ అక్కడ కృతజ్ఞతా పూజ జరుగుతుంది.

బడి 1824లో ఒకసారి, 1912లో మరోసారి చోటు మారింది. దాని నినాదం 'సెర్వియామ్', లాటిన్ మాట. 'సేవ చేస్తాను' అని అర్థం.

పాత మఠం మాత్రం షార్ట్ర్ వీధిలో ఇంకా ఉంది. మొదట కట్టిన కొయ్య భవనం ఆ తేమకు పుచ్చిపోతే, 1753 నాటికి ఇటుకలతో రెండోది కట్టారు. పాతదాంట్లోంచి ఒక్క మెట్లదారిని విప్పి తెచ్చి ఇందులో అమర్చారు. సైప్రస్ చెక్క మెట్లు. సిస్టర్లు ఎక్కిందీ, బోర్డింగు పిల్లలు ఎక్కిందీ, నీళ్లు మోసుకుంటూ బానిసలు ఎక్కిందీ ఆ మెట్లే.