లాఠీ ఝళిపించారా, కొట్టారా?

(విజయవాడ స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం)

యాంకర్: ‘స్వల్ప లాఠీచార్జి’ అని తరచూ నేనే చదువుతుంటాను. స్వల్పమంటే ఎంతో నాకే తెలీదు. మాస్టారూ, ముందు ఈ లాఠీ సంగతి చెప్పండి.

తెలుగు మాస్టారు: మనకి హిందీ నుంచి వచ్చిందండీ. మూలం సంస్కృతంలో యష్టి, ప్రాకృతంలో లట్ఠి. గొంతు బొంగురుపోతే అతిమధురం నములుతామే, దాని పేరు యష్టిమధు. అంటే తీపి కర్ర. లాఠీకి అక్క వరస!

రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్: (నవ్వుతూ) మా దాంట్లో తీపి ఎక్కడుందండీ.

మాస్టారు: మనకి మాటలు లేకనా? దుడ్డుకర్ర, బడితె, గుదియ. ‘బడితె ఉన్నవాడిదే బర్రె’ అని ఊరికే అన్నారా! కానీ అదే వెదురు కర్ర రైతు చేతిలో కర్ర, పోలీసు చేతిలో లాఠీ.

హెడ్ కానిస్టేబుల్: మేం చేరినప్పుడు వెదురుదే. కణుపులు నున్నగా చెక్కి నూనె పట్టించేవాళ్లం. ఇప్పుడు ఫైబర్‌వి వచ్చాయి. అస్తమానం కొట్టడానికే కాదమ్మా. దసరాల్లో మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి కింద దాన్ని రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని జనాన్ని ఆపేవాళ్లం. తోపులాటలో వేళ్లు బారికేడ్‌కి రాసుకుని తోలు లేచిపోయేది.

రిపోర్టర్: అది వార్త కాదుగా హెడ్డుగారూ. ‘ఝళిపించారు’ అంటేనే వార్త. ఝళిపించడమంటే గాల్లో ఆడించడం. వీపు మీద వాత తేలినా మేం అదే రాస్తాం. ‘లాఠీలకు పనిచెప్పారు’ అనడం ఇంకా ఘోరం, కొట్టింది కర్రే అయినట్టు! ఇక గుంపుల్ని చెదరగొట్టే సెక్షన్‌లో లాఠీ ఊసే లేదు. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలోని 129 అయినా, దాని బదులు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌లోని 148 అయినా ‘సివిల్ ఫోర్స్’ అనే అంటాయి.

మాస్టారు: 1928 అక్టోబరు 30న లాహోరులో లాలా లజపతిరాయ్‌కి తగిలినవీ లాఠీ దెబ్బలే. నవంబరు 17న ఆయన కన్నుమూశారు. దాన్నీ స్వల్పమే అందామా?

యాంకర్: హెడ్డుగారూ, మరి మీరు డైరీలో ఏమని రాసేవారు?

హెడ్ కానిస్టేబుల్: ‘తగినంత బలం ఉపయోగించి చెదరగొట్టితిమి’ అని.

రిపోర్టర్: ఎందరికి తగిలిందో?

హెడ్ కానిస్టేబుల్: అది ఆస్పత్రి వాళ్లు రాసుకుంటారు కదండీ.