పదిహేడు యూరోల మేకప్, పది రూపాయల బొట్టుబిళ్ల

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. ఇవాళ శనివారం, టైం పొద్దున ఎనిమిదిన్నర. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇంకా సరిగ్గా తెల్లారనే లేదు. డిసెంబరులో ఇక్కడ సూర్యుడిది కూడా వర్క్ ఫ్రమ్ హోమే.

ఈ వీడియో నా ఐడియా కాదు, మా పిన్నిది. మాఘమాసంలో మా చెల్లి పెళ్లి. మొన్న ఫోన్ చేసి, "ఏమ్మా, అక్కడ మేకప్ సామాన్లు బాగా చవకంట కదా! వచ్చేటప్పుడు ఓ పదిహేను లిప్‌స్టిక్‌లు, నాలుగు ఫౌండేషన్‌లు పట్రా. ఆడపడుచులకు పెట్టినట్టు ఉంటుంది" అంది. ఎవరు చెప్పారు పిన్నీ చవకని? "నువ్వే చెప్పావుగా, పోయిన వీడియోలో." పోయిన వీడియోలో నేను చెప్పింది బంగాళాదుంపల గురించి. అయినా పిన్నితో వాదించి గెలిచినవాళ్లు మా వంశంలో లేరు. పైగా ఆ బంగాళాదుంపల వీడియోకి 412 వ్యూలు వచ్చాయి, అందులో ఓ వంద మా అమ్మవే. మేకప్ వీడియోలు బాగా చూస్తారంటున్నారు కదా, పిన్ని పనీ నా పనీ ఒకేసారి అయిపోతాయని మొదలుపెట్టా.

రూల్ ఏంటంటే ఇరవై యూరోల్లో మొహం మొత్తం పూర్తవ్వాలి. యూరో వంద రూపాయలు అనుకుందాం, లెక్క సులువు. అంటే రెండు వేలు. రేపు ఆదివారం మా ఫ్రెండ్ వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం, ఆ మేకప్ వేసుకుని వెళ్తా. ఉంటుందో ఊడుతుందో చూద్దాం.

షాపుకి వెళ్లేముందు ఒక చిన్న పని. ఈ సంచీ చూడండి, ఖాళీ ప్లాస్టిక్ బాటిళ్లు. ఇక్కడ ఇలాంటి ఒకసారి వాడి పడేసే బాటిల్‌లో వాటర్, కూల్ డ్రింక్ ఏది కొన్నా బాటిల్‌కి 25 సెంట్లు డిపాజిట్ కట్టించుకుంటారు. ఫాండ్ అంటారు. ఖాళీ బాటిల్ సూపర్ మార్కెట్‌లో మెషీన్ నోట్లో పెడితే గిర్రున తిప్పి చూసి లోపలికి లాక్కుంటుంది. అన్నీ అయ్యాక బటన్ నొక్కితే చీటీ వస్తుంది, కౌంటర్‌లో ఇస్తే డబ్బులు. మా ఆయనకి వెనకాల ఎవరైనా నిలబడితే సిగ్గు. నాకేం సిగ్గు లేదు. మా నాయనమ్మ తల దువ్వుకున్నప్పుడల్లా ఊడిన జుట్టు ఉండచుట్టి గోడ సందులో దాచేది. జుట్టు కొనేవాడు వీధిలోకి వచ్చాడంటే ఆ ఉండలన్నీ ఇచ్చి పిన్నీసులు, బొట్టుబిళ్లలు తీసుకునేది. "ఇంత జుట్టుకి ఇంతేనా" అని ఇంకో నాలుగు పిన్నీసులు కొసరు అడిగేది. ఈ మెషీన్‌ని కొసరు అడగలేం, అదొక్కటే లోటు. మొత్తం పదహారు బాటిళ్లు, నాలుగు యూరోలు. నేను కొనబోయే మస్కారా, అదే కనురెప్పల వెంట్రుకలకి పూసే నలుపు, ఫ్రీ అయినట్టే.

సరే, షాపు. ఇక్కడ బడ్జెట్ మేకప్ అంతా ద్రోగెరీ అనే షాపుల్లో ఉంటుంది. పిన్నికి డ్రగ్ స్టోర్ లాంటిదని చెప్తే "మందుల షాపులో లిప్‌స్టిక్ ఏంటే" అంది. మందుల షాపు వేరే, ఆపొటేకె. పారాసిటమాల్ కూడా అక్కడే కొనాలి. ఈ ద్రోగెరీలో సబ్బులు, షాంపూలు, పిల్లల డైపర్లు, మేకప్, ఆఖరికి బియ్యప్పిండి కూడా దొరుకుతుంది. ఇక్కడ అమ్మాయిలు ఎక్కువగా కొనే ఎసెన్స్, కాట్రిస్ రెండూ ఒకే కంపెనీవని నాకు ఈ మధ్యే తెలిసింది. కాస్నోవా అని, 2001లో పెట్టారు. ఆఫీసు మాకు దగ్గరే, సుల్జ్‌బాహ్‌లో. మేం ప్రతి నెలా వెళ్లే పెద్ద షాపింగ్ సెంటర్ ఉన్న ఊరే అది. ఇన్నాళ్లూ లిప్‌స్టిక్‌ల పుట్టింటి పక్కనే తిరుగుతూ కూడా తెలుసుకోలేదు. నేను కొన్నవి మాత్రం నాలుగైదు కంపెనీలవి, పేర్లు చెప్పను. నా మొహం మీద బాగుండనిది మీకు బాగుండొచ్చు.

ఇక్కడి షాపుల్లో నాకు భలే నచ్చేది ధర చీటీ. మా వదిన డల్లాస్‌లో ఉంటుంది, అక్కడ చీటీ మీద ఒకటుంటుంది, బిల్లులో టాక్స్ కలిసి ఇంకొకటి అవుతుంది. ఇక్కడ చీటీ మీద ఎంతుంటే అంతే. 19 శాతం టాక్స్ అందులోనే ఉంటుంది. ఇంకో మంచి సంగతి, ధర కింద చిన్న అక్షరాలతో లీటరుకి ఎంత, కిలోకి ఎంత అని కూడా వేయాలి. చట్టం అది. పెద్ద షాంపూ చవకా చిన్నది చవకా అని నిలబడి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

కానీ మేకప్ అరల దగ్గరికి వచ్చేసరికి ఆ చిన్న అక్షరాలు మాయం! మర్చిపోయారేమో అనుకుని వెతికితే తెలిసింది, చర్మానికి, జుట్టుకి, గోళ్లకి కేవలం రంగు కోసం, అందం కోసం వాడే సరుకులకి ఆ రూల్ వర్తించదట. అందాన్ని లెక్క అడక్కూడదన్నమాట. నేను అడుగుతా. మా నాన్న కిరాణా కొట్టు నడిపినాయన.

ఇదిగో, ఫోన్‌లో లెక్క. ఫౌండేషన్, అంటే మొహమంతా ఒకే రంగులో కనిపించడానికి రాసే క్రీమ్, 30 మిల్లీలీటర్లు 4.95 యూరోలు. లీటరుకి 165 యూరోలు, పదహారు వేల ఐదు వందల రూపాయలు. ఆ డబ్బులకి ఇంటిల్లిపాదీ ఏడాది తినేంత నెయ్యి వస్తుంది. మస్కారా 12 మిల్లీలీటర్లు 3.95, లీటరు దాదాపు ముప్ఫై మూడు వేలు. పౌడర్ కాంపాక్ట్ తొమ్మిది గ్రాములు 3.95, గ్రాము 44 రూపాయలు. లిప్‌స్టిక్ 3.8 గ్రాములు 2.75, గ్రాము 72 రూపాయలు. అన్నిటికంటే చవగ్గా కనిపించేది కాటుక పెన్సిల్, 1.75 యూరోలే. పక్కన ఒక అమ్మాయి మూడు ఒకేసారి బుట్టలో వేసుకుంది. అందులో ఉండేది ఒక్క గ్రాము. గ్రాము నూట డెబ్భై ఐదు రూపాయలు! నా బుట్టలో అన్నిటికంటే ఖరీదైన సరుకు అదే. మా నాయనమ్మ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి ఏడాదికి సరిపడా కాటుక పట్టేది. ఆవిడ ఈ లెక్క వినుంటే ఆ పెన్సిల్‌తోనే నన్ను పొడిచేది.

మొత్తం 17.35. ఇరవై లోపే. మిగిలిన డబ్బులతో ఒక బన్ను కొనుక్కుని గెలిచినట్టు ఇంటికొచ్చేశా.

ఇక్కడి నుంచి కథ తిరిగింది. షాపులో లైట్లు తెల్లగా, ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నట్టుంటాయి. అక్కడ ఫౌండేషన్ మణికట్టు మీద రాసి చూస్తే కలిసిపోయినట్టే ఉంది. ఇంటికొచ్చి కిటికీ దగ్గర నిలబడి, ఉన్న ఆ కాస్త వెలుతుర్లో అద్దం చూసుకుంటే, మొహం జర్మనీది, మెడ తెనాలిది. జూమ్ చేస్తా చూడండి, దవడ దగ్గర గీత గీసినట్టు. బూడిద రాసుకున్నట్టు. హీటర్ల వేడికి చర్మం ఎండిపోయి ఉంటుంది కదా, ముక్కు పక్కన పొలుసులు పొలుసులుగా కూడా లేచింది.

ఆ స్టాండులో షేడ్‌ల పేర్లు పింగాణీ, ఏనుగు దంతం, వెనిల్లా, ఇసుక, ఇంకో ఇసుక, తేనె, కారమెల్. తెలుపులో ఐదు రకాలు, ఆ తర్వాత ఒకటే తేనె, ఒకటే కారమెల్. కారమెల్ అన్నిటికంటే కింది అరలో ఉంది, వంగి చూస్తే చీటీ ఉంది, సరుకు లేదు. అందుకే తేనె తెచ్చా. వాళ్ల తేనె మన తేనె కాదండీ, పంచదార పాకం. నేనేమీ మా ఇంట్లో నల్లగా ఉండే పిల్లను కూడా కాదు. చిన్నప్పుడు పెద్దమ్మావాళ్లు "ఇది రంగు తేలింది" అని నన్ను చూపించి మా అక్కని ఏడిపించేవాళ్లు. ఆ రంగు తేలినదానికి ఇక్కడ స్టాండులో ఆఖరి అర. ఇది వీడియోలో పెట్టాలా వద్దా అనుకున్నా, పెట్టేస్తున్నా. అక్కా, నువ్వు చూస్తుంటే సారీ.

రేపు ఆదివారం, షాపులన్నీ బంద్. ఇక్కడ ఆదివారం అంటే ఒకటి రెండు స్టేషన్ షాపులు తప్ప ఊరంతా తాళమే. అందుకని మొహం కడుక్కుని మళ్లీ బస్సెక్కా. నెలవారీ టికెట్ ఉంది కాబట్టి బస్సు ఖర్చు లేదు, చలి ఖర్చే. ఇంకో షాపులో, ఇంకో కంపెనీది ముదురు షేడ్ దొరికింది. 8.95. దాన్ని విడిగా రాస్తే మరీ ఎర్రమట్టి. రెండూ కలపాలి. పెళ్లిలో పెట్టిన స్టీలు ప్లేటు, మా ఇద్దరి పేర్లు చెక్కించిన ప్లేటు, దాన్ని తిరగేసి అదొక చుక్క ఇదొక రెండు చుక్కలు వేసి వేలితో కలిపితే, హమ్మయ్య, నేను! మా ఆయన పేరు మీద కలుపుతున్నానని ఆయన చూసుకోలేదు.

ఇప్పుడు లెక్క మళ్లీ చూద్దాం. పక్కింటి జర్మన్ అమ్మాయికి ఫౌండేషన్ 4.95తో అయిపోతుంది. నాకు 13.90. మొత్తం 26.30, రెండు వేల ఆరు వందల ముప్ఫై రూపాయలు. బడ్జెట్ మేకప్ అని రాసి ఉంటుంది గానీ ఎవరి బడ్జెట్టో రాయరు. ఈ ఒక్క విషయంలో నాకు నిజంగా ఒళ్లు మండింది.

ఇది ఆదివారం పొద్దున. మేకప్ అంతా అయింది, బుగ్గలకి కూడా ఆ లిప్‌స్టిక్కే రెండు చుక్కలు పెట్టి రుద్దేశా. చీర అయింది. బొట్టు దగ్గర ఆగిపోయా. ఇంట్లో ఉంటే అద్దం అక్కర్లేదు కదా, ఎవరో ఒకరు "కొంచెం ఇటు" అని సరిచేసేస్తారు. మా ఆయన్ని అడిగితే ఎప్పుడూ "బానే ఉంది" అంటారు, ఒకసారి బొట్టు పెట్టుకోకుండా అడిగినా అదే మాట. అందుకని అమ్మకి వీడియో కాల్.

"ఎడమ పక్కకి జరుపు." జరిపా. "అటు కాదే, ఎడమ పక్కకి." నా ఎడమా నీ ఎడమా అమ్మా? "నా ఎడమ. కాదు, నీ ఎడమ. ఉండు." ఫోన్‌లో నాకు నేను అద్దంలో లాగా తిరగబడి కనిపిస్తా, ఆవిడకి మామూలుగా కనిపిస్తా. ఇలా ఓ ఐదు నిమిషాలు. చివరికి అమ్మ స్క్రీన్ మీద వేలు పెట్టి "ఇక్కడ, ఇక్కడ" అంటుంది. ఆవిడ వేలు నాకెలా కనిపిస్తుందండీ? వేలు కెమెరాకి అడ్డమొచ్చి స్క్రీన్ అంతా ఎర్రగా అయిపోయింది. ఇక్కడ కాసేపు వీడియో కట్ చేశాను. కాటుక మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇక పరీక్షలు. పులిహోర నేను తీసుకెళ్లాలి, కాబట్టి మొదటి పరీక్ష వంటిల్లు. తాలింపు పొగకి మస్కారా కదల్లేదు. సాంబారు కోసం ఫ్రెండ్ వాళ్లింట్లో కిలో ఉల్లిపాయలు నేనే తరిగా, కళ్ల వెంట నీళ్లు ధారగా కారినా కదల్లేదు. కాటుక మాత్రం మొదటి ఉల్లిపాయకే కిందికి దిగింది. వ్రతం కథ మూడో అధ్యాయానికి నేను వారం రోజులు నిద్ర లేనిదానిలా ఉన్నా. ఒకావిడ పక్కకి పిలిచి "ఒంట్లో బాగాలేదా అమ్మా, ఏమైనా విశేషమా" అని కూడా అడిగింది. లిప్‌స్టిక్ కాఫీకి ఆగింది గానీ పులిహోర నూనెకి ఆగలేదు. గ్రాము 72 రూపాయల్లో సగం గ్రాము పులిహోరతో లోపలికి పోయిందనుకుంటా. పౌడర్ బాగుంది, సాయంత్రం దాకా మొహం జిడ్డు లేదు. కాకపోతే బయట నాలుగు డిగ్రీల్లో జిడ్డు ఎలాగూ రాదు, మే నెల విజయవాడలో నిలబడితే అప్పుడు మాట్లాడుకుందాం.

రాత్రి ఆ మస్కారా వదలాలి కదా. సబ్బుకి పోలేదు, ఫేస్‌వాష్‌కి పోలేదు. కొబ్బరినూనె డబ్బా తెరిస్తే గడ్డ. ఈ చలికి మార్చి దాకా అది గడ్డే. స్పూన్‌తో తవ్వి అరచేతిలో కరిగించి రాస్తే అప్పుడు పోయింది.

పిన్నికి రిపోర్టు ఇవ్వడానికి ఫోన్ చేశా. స్పీకర్‌లో పెడుతున్నా, వినండి. ఫౌండేషన్ తేను పిన్నీ, నా ఒక్క మొహానికే రెండు సీసాలు పట్టాయి, నలుగురి మొహాలకి ఎన్ని తేవాలి? మస్కారా మూత తీస్తే ఆరు నెలలే. వెనకాల తెరిచిన డబ్బా బొమ్మలో 6 అని ఉంటుంది చూడు, ఆరేళ్లు అనుకుని దాచుకోవద్దు. కాటుక మన దగ్గరే మేలు. లిప్‌స్టిక్‌లు తెస్తా, 2.75కి అవి బాగున్నాయి.

"అయితే ఫౌండేషన్ బదులు లిప్‌స్టిక్‌లు పాతిక చెయ్యి" అంది. సరే అన్నా. మాట్లాడుతూనే బొట్టుబిళ్ల తీసి బాత్రూమ్ అద్దానికి అంటించా. ఇప్పటికే అక్కడ పదకొండు ఉన్నాయి. ఇల్లు ఖాళీ చేసే రోజు ఓనర్ గోడలు, తలుపులు, పైపులు అన్నీ చెక్ చేస్తాడు, ఈ చుక్కలేంటని అడిగితే ఏం చెప్పాలో అని మా ఆయన టెన్షన్. విజయవాడ బీసెంట్ రోడ్డులో పది రూపాయలకి పదిహేను బిళ్లల ప్యాకెట్. ఇవాళ నేను పెట్టుకున్నది నాలుగోసారి వాడుతున్నది. మస్కారా కాక, పొద్దున్నుంచి మొహం మీద కదలనిది అదొక్కటే.

పిన్నీ, నాకో పని చెయ్యి, నేనొచ్చేసరికి ఓ యాభై ప్యాకెట్లు బొట్టుబిళ్లలు కొనిపెట్టు. "యాభయ్యా? అక్కడ దొరకవా?" ఇండియన్ స్టోర్‌లో దొరుకుతాయి, ప్యాకెట్ రెండు యూరోలు.

"రెండొందలా! బొట్టుబిళ్లకా!"

ఆదివారం రాత్రి పదిన్నర, ఇక్కడ కుళాయి గట్టిగా తిప్పినా కింది ఫ్లోర్ ఆవిడకి కోపం. పిన్నీ, మెల్లిగా, మెల్లిగా.