కీబోర్డ్ పోలేదండీ, బూట్‌లోడర్‌లో ఆగింది: ఎంఎన్‌టీ రిఫార్మ్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్

నమస్తే అండీ. ముందు నా ఎంఎన్‌టీ రిఫార్మ్ ల్యాప్‌టాప్ కీబోర్డ్ దగ్గరున్న ఈ చిన్న ఓలెడ్ తెర చూడండి, కెమెరా దగ్గరికి తెస్తాను. సర్కిల్ కీ నొక్కితే ఇందులో మెనూ రావాలి. నొక్కుతున్నా... ఏమీ లేదు. ఏ కీ కొట్టినా ఒక్క అక్షరం పడటం లేదు. మొన్న ఫర్మ్‌వేర్, అంటే కీబోర్డ్ చిప్‌లో నడిచే ప్రోగ్రామ్, అప్‌డేట్ చేశాక ఇలాగే అయితే చాలా టెన్షన్ పడ్డాను. మీకు చూపించడానికి మళ్లీ అదే స్థితికి తెచ్చాను.

ఎంఎన్‌టీ రిఫార్మ్ అంటే బెర్లిన్‌లో తయారయ్యే ఓపెన్ హార్డ్‌వేర్ ల్యాప్‌టాప్. కీబోర్డ్ సర్క్యూట్ నుంచి ఫర్మ్‌వేర్ సోర్స్ కోడ్ దాకా అన్నీ డౌన్‌లోడ్ చేసుకుని చదువుకోవచ్చు. నా కీబోర్డ్‌లో ఉన్నది ఏటీమెగా 32యూ4 చిప్. ఆర్డ్యునో లియోనార్డో బోర్డులో ఉండేదీ ఇదే, ఇంజినీరింగ్‌లో ప్రాజెక్టులు చేసినవాళ్లకు బాగా తెలుసు. ఇదే కంపెనీ చిన్న ల్యాప్‌టాప్ పాకెట్ రిఫార్మ్‌లో ఆర్‌పీ2040 అనే వేరే చిప్ ఉంటుంది, దాని పద్ధతి వేరు.

మొదలుపెట్టే ముందు బయటి యూఎస్‌బీ కీబోర్డ్ ఒకటి తగిలించండి. బూట్‌లోడర్‌లోకి, అంటే కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించుకునే చిన్న ప్రోగ్రామ్‌లోకి, వెళ్లగానే ల్యాప్‌టాప్ కీబోర్డ్ టైప్ చేయదు, మరి కమాండ్ ఎలా కొడతారు? ఇంకో మాట, మధ్యలో షట్‌డౌన్ చేయకండి. ల్యాప్‌టాప్‌ని ఆన్ చేసేది కూడా ఈ కీబోర్డే, సర్కిల్ నొక్కి 1 నొక్కాలి.

ఇప్పుడు ఫ్రేమ్ తీశాను. ఇదిగో, గోటి కొనతో కదపాల్సినంత చిన్న డిప్ స్విచ్. పక్కన రీసెట్ బటన్. స్విచ్ ఆన్ చేసినంత మాత్రాన ఏమీ జరగదు. చిప్ ఆ స్విచ్‌ని చూసేది రీసెట్ అయిన క్షణంలోనే. అందుకే స్విచ్ వేసి, తర్వాత రీసెట్ నొక్కాలి. అప్పుడు యూఎస్‌బీ పరికరాలను చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొడితే లిస్టులో డీఎఫ్‌యూ బూట్‌లోడర్ అని కనిపిస్తుంది. అది కనిపించాకే ముందుకెళ్లండి.

అది కనిపిస్తున్నా ఫర్మ్‌వేర్ ఎక్కించే డీఎఫ్‌యూ ప్రోగ్రామర్ టూల్ మాత్రం డివైస్ లేదంటోందా? చాలాసార్లు అది పర్మిషన్ గొడవే. కమాండ్‌ని అడ్మిన్ హక్కులతో నడిపే సుడో ముందు పెట్టి చూడండి. తర్వాత ఎరేజ్ (పాతది చెరపడం), ఫ్లాష్ (కొత్తది ఎక్కించడం), స్టార్ట్ (నడపడం), ఈ మూడు కమాండ్లు స్క్రీన్ మీద పెడుతున్నాను. ఎరేజ్ అంటే భయం వద్దు. చిప్‌లోని 32 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీలో బూట్‌లోడర్‌కు 4 కిలోబైట్లు వేరుగా ఉంటాయి, ఎరేజ్ దాని జోలికి పోదు. ఫ్లాష్ సగంలో ఆగిపోయినా మళ్లీ మొదటి నుంచి చేసుకోవచ్చు. నాకు ఈ డిజైన్‌లో బాగా నచ్చింది ఇదే. నచ్చనిది, స్విచ్ కోసం ప్రతిసారీ స్క్రూలు విప్పడం.

తెలుగు టైపింగ్ కోసం ఇదంతా అక్కర్లేదండీ, అది లినక్స్ సెట్టింగ్స్‌లోనే అయిపోతుంది. కీల స్థానాలు మార్చుకోవాలంటేనే ఈ పని.

మరి నాకేమైంది? ఫ్లాష్ సరిగ్గానే అయింది. స్టార్ట్ కొట్టగానే కీబోర్డ్ పనిచేసింది కూడా. ఎందుకైనా మంచిదని ఇంకోసారి రీసెట్ నొక్కాను, అంతే, ఆగిపోయింది. ఫైలు తప్పేమో అనుకుని మూడుసార్లు ఫ్లాష్ చేశాను. చివరికి సర్క్యూట్ బొమ్మ తెరిచి ఆ స్విచ్ ఎక్కడికి వెళ్తుందో వెతికితే తెలిసింది, దాన్ని ఆన్‌లోనే వదిలేశాను. రీసెట్ అయిన ప్రతిసారీ చిప్ తిరిగి బూట్‌లోడర్‌లోకే పోతోంది.

ఇప్పుడు చూడండి. స్విచ్ ఆఫ్... రీసెట్... సర్కిల్ నొక్కుతున్నా. మెనూ వచ్చేసింది! ఇక స్క్రూలు బిగించేస్తాను.