ఠాణాకు పోవాలంటే లీడర్ ఎందుకు? – ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం, ఆదాబ్, వందనాలు అందరికీ. ఇవాళ్టి టాపిక్ ముందే చెప్పాం, ముస్లింలు, క్రిస్టియన్లు, వీళ్ల ఇళ్లల్లో పోలీసులంటే ఎందుకంత దూరం, కంప్లైంట్ ఇవ్వాల్సి వచ్చినా ఎందుకు వెనకాడతారు, వెళ్తే ఏం అడగాలి. మనతోపాటు క్రిమినల్ కేసులు చూసే అడ్వకేట్ మేడమ్ ఉన్నారు. కాల్ చేసేవాళ్లు పేరు చెప్పక్కర్లేదు, ఊరు చెప్తే చాలు, ఏ స్టేషను, ఏ ఆఫీసరు అని లైవ్‌లో అనొద్దు ప్లీజ్. మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండమ్మా.

కాలర్ (హైదరాబాద్ పాతబస్తీ): సలామలేకుం అన్నా, నమస్తే మేడమ్. నా తెలుగు కొంచెం అటిటు వస్తది, మాఫ్ చెయ్యిండ్రి. మా పిలగానికి 19 ఏండ్లు, ఫుడ్ డెలివరీ చేస్తడు. మొన్న రాత్రి డ్యూటీ అయినంక గల్లీల చబుత్రా మీద, అరుగు మీద, దోస్తులతోని కూసున్నడు, పోలీసోళ్లు వచ్చిన్రు, అందర్ని నిలవెట్టి ఫోటోలు తీసిన్రు, చిన్న మిషన్ మీద వేలు పెట్టమన్నరు, ఫోన్ లాక్ తీయించి వాట్సాప్ చూసిన్రు, ఇగ పో అన్నరు. ఇప్పుడు ఎవరో ఫోన్ చేసి రేపు ఠాణాకు రా, సాబ్ మాట్లాడ్తరు అంటున్నడు. వాళ్ల అబ్బా ఏమంటడంటే గల్లీల లీడర్ ఉన్నడు, ఆయన్ని తోల్కపోదాం అని. లీడర్ ఊకెనే వస్తడా మేడమ్.

అడ్వకేట్: ఫోన్ చేసినాయన పేరు, హోదా చెప్పారా అమ్మా? దేనికో చెప్పారా?

కాలర్: ఏం జెప్పలే. రా అంటే రా.

అడ్వకేట్: సరే, భయపడకుండా వినండి. కేసులో అనుమానితుడిగా పిలవాలంటే బీఎన్‌ఎస్‌ఎస్, అంటే కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, దాని సెక్షన్ 35(3) కింద నోటీసు ఇవ్వాలి, పాత చట్టంలో 41ఏ అనేవాళ్లు. ఆ నోటీసు చేతికి రావాలి, వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. సాక్షిగా పిలిచినా సెక్షన్ 179 కింద రాతపూర్వకంగానే పిలవాలి. అదే సెక్షన్లో ఇంకోటి కూడా ఉంది, ఆడవాళ్లని, 15 ఏళ్లలోపు మగపిల్లల్ని, 60 దాటిన మగవాళ్లని సాక్ష్యం కోసం స్టేషన్‌కి రప్పించకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. ఇది చాలామందికి తెలీదు, ముసలి అమ్మల్ని కూడా ఆటోలో ఎక్కించి తీసుకుపోతుంటారు.

కాలర్: మరి నోటీసు అడిగితే సాబ్‌కి కోపం రాదా?

అడ్వకేట్: వస్తుందేమో. అందుకే అడిగే పద్ధతిలో అడగండి. ఆ నంబర్‌కి మీరే మెసేజ్ పెట్టండి, "సార్, రమ్మన్నారు, వస్తాం, ఏ కేసు విషయమో నోటీసు ఇప్పించండి" అని, అంతే. అదే మీ దగ్గర రికార్డు. నోటీసు రాకపోయినా వెళ్లదల్చుకుంటే పగలు వెళ్లండి, అబ్బాయిని ఒక్కణ్ణే పంపొద్దు, లాయర్ ఉంటే మంచిది, ఫీజు ఇచ్చుకోలేకపోతే 15100కి చేయండి, లీగల్ సర్వీసెస్ వాళ్ల నంబర్, ఆదాయం తక్కువున్నవాళ్లకి లాయర్‌ని ఫ్రీగా పెడతారు. ఎన్నింటికి లోపలికి వెళ్లారు, ఎవరితో మాట్లాడారు, ఎన్నింటికి బయటికొచ్చారు, రాసి పెట్టుకోండి.

యాంకర్: ఆ ఫోటోలు, వేలిముద్రలు మేడమ్, రోడ్డు మీద తీయొచ్చా?

అడ్వకేట్: 2022లో వచ్చిన ఐడెంటిఫికేషన్ చట్టం చాలా పెద్ద పవరే ఇచ్చింది, కానీ అందులో కూడా అరెస్టయినవాళ్లు, శిక్ష పడినవాళ్లు, ప్రివెంటివ్ డిటెన్షన్‌లో, అంటే ముందు జాగ్రత్త పేరుతో నిర్బంధంలో, ఉన్నవాళ్లు అని ఉంది, చబుత్రా మీద కూర్చున్నవాళ్లు అని లేదు. 2021 మే లాక్‌డౌన్లో ఒక సామాజిక కార్యకర్తని పాతబస్తీలోనే ఆపి మాస్క్ తీయించి ఫోటో కొట్టారు, ఆయన ఎందుకు తీశారని నోటీసు పంపి, జవాబు లేకపోతే ఫేస్ రికగ్నిషన్ మీద తెలంగాణ హైకోర్టుకే వెళ్లారు. ఇక చబుత్రా సంగతి, 2015 నుంచి అర్ధరాత్రి అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లని ఎత్తుకెళ్లి, తల్లిదండ్రుల్ని పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చే డ్రైవ్ పాతబస్తీలో నడిచింది, దానికి పేరే మిషన్ చబుత్రా. కొందరు తల్లులు అప్పుడు బాగుందనే అన్నారు, పిల్లలు రాత్రుళ్లు తిరగడం తగ్గిందని. నేను కాదనను. కానీ ఐటీ కారిడార్‌లో రాత్రి రెండింటికి టీ బండి దగ్గర నిలబడే పిల్లల్ని అట్లా ఎత్తుకెళ్లారా? ఆ తేడా పిల్లలకి అర్థమవుతుంది.

అమ్మా, లీడర్ విషయం ఒక్కటి చెప్పి ఆపుతా. ఆయన వస్తే పని అవ్వొచ్చు, కాగితం మాత్రం ఉండదు. మళ్లీ పిలిస్తే మళ్లీ ఆయనే కావాలి. మీ భయం మీద బతికేవాళ్లు స్టేషన్ లోపల కన్నా బయట ఎక్కువ ఉన్నారు.

కాలర్: సహీ బాత్ మేడమ్. షుక్రియా.

యాంకర్: నెక్స్ట్ కాల్, మహబూబ్‌నగర్ నుంచి. నమస్తే సార్.

కాలర్ (మహబూబ్‌నగర్): నమస్తే. నేను రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్‌ని, ముస్లింనే. మేడమ్ చెప్పింది కరెక్టేగానీ ఒక సైడే చెప్తున్నరనిపిచ్చి చేసిన.

యాంకర్: తప్పకుండా, మీ సైడ్ చెప్పండి.

కాలర్: సర్వీసంత బందోబస్తుకే పాయె, వినాయక నిమజ్జనం అయితె ఇటు, మిలాదున్నబీ అయితె అటు. పండగలకు ఇంట్ల ఉన్నది తక్కువ. మా బస్తీల నన్ను చూస్తె మాట ఆపేటోళ్లు, పోలీసోడొచ్చిండని. ఠాణాల ఏదన్న లొల్లయితె "మీవాళ్లే కదా, నువ్వు పోయి మాట్లాడు" అనేటోళ్లు. రెండు దిక్కుల నేను పరాయోడినే. అయితె మనోళ్ల తప్పు గూడ ఉంది, దొంగతనం అయితె రారు, కొట్టుకుంటె రారు, మసీదు కమిటీల తెంపుకుంటరు, అది చెడినంక ఏడాదికి వస్తరు. అప్పుడు మేమేం జేయాలె?

అడ్వకేట్: రాకపోవడానికి కారణం ఉంది కదా సార్. 2006లో ముస్లింల స్థితిగతుల మీద కేంద్రం వేసిన సచార్ కమిటీ రిపోర్టులో రాష్ట్రాలు ఇచ్చిన లెక్కల్లో కానిస్టేబుళ్లలో ముస్లింలు 6 శాతం, అప్పటికి జనాభాలో 13 శాతం పైన. 2019లో కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ అనే సంస్థల వాళ్లు పోలీసుల్నే అడిగి ఒక సర్వే చేశారు, ముస్లింలు సహజంగానే నేరాల వైపు మొగ్గుతారా అంటే దాదాపు సగం మంది అవును, లేదా కొంతవరకు అవును అన్నారు.

కాలర్: సగమా? నాకేం ఆశ్చర్యం లేదు మేడమ్. క్యాంటీన్ల కూసుంటె ఎరుకైతది. మొఖం మీద అనరు, టీ తాగుకుంట అంటరు.

యాంకర్: సార్, మక్కా మసీదు పేలుడు అప్పుడు మీరు సర్వీస్‌లో ఉన్నారా?

కాలర్: ఉన్న. దాని గురించి నేనేం మాట్లాడ. మేడమ్‌నే అడుగుండ్రి.

అడ్వకేట్: 2007 మే 18, శుక్రవారం నమాజు టైమ్. బాంబులో 9 మంది పోయారు, ఆ తర్వాత బయట పోలీసు కాల్పుల్లో ఇంకో 5 మంది. అంటే ఒకే రోజు ఒకే చోట బాంబుకీ చచ్చిపోయారు, తుపాకీకీ చచ్చిపోయారు. తర్వాత పాతబస్తీ కుర్రాళ్లని పదుల్లో ఎత్తుకెళ్లారు, కొట్టారని, కరెంటు పెట్టారని వాళ్లు చెప్పారు, వాళ్ల మీద పెట్టినవి కోర్టులో నిలవలేదు. దర్యాప్తు సీబీఐకి, ఆ తర్వాత ఎన్‌ఐఏకి వెళ్లి వేరేవైపు తిరిగింది. కొన్నేళ్లకి ప్రభుత్వం ఆ పిల్లలకి నష్టపరిహారం ఇస్తే హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2018 ఏప్రిల్ 16న విచారణ ఎదుర్కొన్న ఐదుగురూ నిర్దోషులని ఎన్‌ఐఏ కోర్టు తీర్పిచ్చింది. మరి బాంబు పెట్టిందెవరు? ఆ ఇళ్లకి ఎవరూ చెప్పలేదు. అప్పుడు ఇరవై ఏళ్లున్నవాళ్లకి ఇప్పుడు టీనేజీ పిల్లలున్నారు, ఆ ఇంట్లో పిల్లాడికి పోలీసు అంటే ఏమని చెప్తారో మీరే ఆలోచించండి.

కాలర్: ...నిజమే. సరే, నేను జనాలకు పనికొచ్చేది ఒక్కటి జెప్త. కంప్లైంట్ ఇచ్చినప్పుడు పిటిషన్ రిసీట్ తీస్కోన్రి, ఎఫ్‌ఐఆర్ అయితె కాపీ తీస్కోన్రి, ఫ్రీగ ఇయ్యాలె. ఏది ఇయ్యకుంటె "సార్, జీడీ నంబర్ ఎంత" అని అడగున్రి. ఠాణాల అయ్యేవన్నీ రాసే జనరల్ డైరీ అది, దాని మాట ఎత్తంగనె స్టేషన్ రైటర్ తలకాయ పైకెత్తి చూస్తడు, వీనికి ఏదో తెల్సు అనుకుంటడు. ఇది నా సర్వీసుల చూసిందే.

యాంకర్: (నవ్వుతూ) ఇది బాగుంది సార్, థాంక్యూ. తర్వాత గుంటూరు వైపు నుంచి కాల్ ఉంది. చెప్పండి అయ్యగారూ.

కాలర్ (గుంటూరు జిల్లా): వందనాలండి. పల్లెలో చిన్న సంఘం మాది, అద్దె ఇంట్లో ఆదివారం ప్రార్థన పెట్టుకుంటాం, ఇరవై ముప్పై మంది ఉంటారండి, అందరూ కూలి చేసుకునేవాళ్లే. ఈ మధ్య కొంతమంది కుర్రాళ్లొచ్చి మైకు లాగేసి, బైబిళ్లు బయట పడేసి, పర్మిషన్ ఏదంటూ గొడవ చేశారండి. స్టేషన్‌కెళ్తే ఎస్ఐ గారు రెండు పార్టీల్నీ కూర్చోబెట్టి రాజీ అయిపొమ్మన్నారు, మీరూ కొన్నాళ్లు ఆపండి అన్నారు. మేమేం తప్పు చేశామండి ఆపడానికి?

అడ్వకేట్: ఏం తప్పు చేయలేదు. ఇంట్లో కూర్చుని ప్రార్థన చేసుకోడానికి రాజ్యాంగంలో ఆర్టికల్ 25 ఉంది, ఎస్ఐ పర్మిషన్ అక్కర్లేదు. మైకు పెడితే మాత్రం పర్మిషన్ కావాలి, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా అసలు పెట్టకూడదు, కొత్తగా మందిరం కడితే కట్టడం పర్మిషన్లు వేరు. వాళ్లు గొడవ పెట్టుకునేది ఎప్పుడూ మైకు దగ్గరే కాబట్టి దాన్ని తీసి పక్కన పెట్టేయండి, ముప్పై మందికి మైకెందుకు అయ్యగారూ, నా మాటకి ఏమనుకోవద్దు.

కాలర్: అయ్యో, లేదులెండి, అదీ నిజమే.

అడ్వకేట్: ప్రార్థన జరుగుతుంటే చెడగొట్టడం బీఎన్‌ఎస్, అంటే ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం, దాని సెక్షన్ 300 కింద నేరం. కేసు కట్టాల్సిన చోట రాజీ పెట్టడం ఆయన పని కాదు. కంప్లైంట్‌లో ఎవరు వచ్చారు, ఏమన్నారు, ఏం పగలగొట్టారు, వీడియో ఉంటే అదీ, ఇంతవరకే రాయండి, మతం గురించి పేజీలు పేజీలు రాయొద్దు. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే కాగితం రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి, అది బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173(4). అప్పటికీ కదలకపోతే 175(3) కింద మేజిస్ట్రేట్ దగ్గరికి. ఆ పోస్టు రసీదు పారేయొద్దు, కోర్టు అడిగే మొదటి కాగితం అదే.

కాలర్: ఎస్సీ ఎస్టీ యాక్టు కింద పెట్టమని కొందరు అంటున్నారండి, కులం పేరుతో కూడా తిట్టారు.

అడ్వకేట్: ఇక్కడ జాగ్రత్త. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ గారి కేసులోనే, క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకి ఆ చట్టం వర్తించదని చెప్పి కేసు కొట్టేసింది. తిట్టేవాడు మతం చూసి తిట్టడు, కులం చూసే తిడతాడు, కానీ చట్టం దగ్గరికొస్తే సర్టిఫికెట్ అడుగుతుంది. నాకు ఇది అన్యాయంగానే అనిపిస్తుంది, అయినా మీ కేసు నిలబడాలంటే దాడి, అక్రమ ప్రవేశం, ప్రార్థన చెడగొట్టడం, వీటి మీద కట్టించండి.

కాలర్: మంచిదమ్మా, దేవుడు దీవించును గాక.

యాంకర్: ఇంకో కాల్, కుర్రాడు చాలాసేపట్నుంచి లైన్లో ఉన్నాడు. హలో తమ్ముడూ.

కాలర్ (కరీంనగర్): అన్నా, నేనొకటే అడుగుత. మేడమ్ కాగితం కాగితం అంటున్నరు. మెదక్‌ల ఆ కూలీ అన్నకు ఏ కాగితం ఇచ్చిన్రు?

అడ్వకేట్: అడగాల్సిందే అడిగావు నాన్నా. తెలియనివాళ్ల కోసం చెప్తా, 2023 జనవరి చివర్లో గొలుసు దొంగతనం అనుమానంతో, సీసీ ఫుటేజీలో పోలిక ఉందని మెదక్ పోలీసులు ఒక ముస్లిం కూలీని తీసుకెళ్లారు, తర్వాత దొంగ ఆయన కాదన్నారు, వదిలేశారు, ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయారు, కొట్టడం వల్లే అని కుటుంబం అంటోంది. అంతకు ముందు 2021 జూన్‌లో అడ్డగూడూరు పోలీసుల కస్టడీలో ఒక దళిత క్రిస్టియన్ మహిళ చనిపోయింది, ఆమె మీదా దొంగతనం అనుమానమే.

కాలర్: మరి? కాగితం ఆపిందా?

అడ్వకేట్: ఆపలేదు. ఆ గదిలో కాగితం ఏం చేయలేదు, నీకు అబద్ధం చెప్పను. తర్వాత ఏమైందో కూడా చూడు. మెదక్ విషయంలో హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. అడ్డగూడూరులో ఎస్ఐనీ ఇద్దరు కానిస్టేబుళ్లనీ సర్వీసులోంచే తీసేశారు. కుటుంబాలు, జనం, పేపర్లు పట్టు వదలకపోతే వచ్చింది అది. ఇప్పుడు నువ్వు చేయగలిగింది, ఎవర్నన్నా తీసుకెళ్లారని తెలిసిన నిమిషం నుంచి గడియారం చూడు. 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. అరెస్ట్ మెమో ఉండాలి, దాని మీద ఇంట్లోవాళ్లో ఊళ్లో పెద్దమనిషో సాక్షి సంతకం ఉండాలి, డాక్టర్‌కి చూపించాలి. వీటిలో చాలావరకు 1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన రూల్సే. అరెస్టే చూపించకుండా ఊరికే కూర్చోబెడితే 112కి చేయి, ఎస్పీ ఆఫీసుకి, మానవ హక్కుల కమిషన్‌కి టైమ్ వేసి మెయిల్ పెట్టు, ఆ టైమే తర్వాత మాట్లాడుతుంది.

కాలర్: లోపల కెమెరాలు ఉంటయంట కదా?

అడ్వకేట్: ఉండాలి. 2020 డిసెంబర్‌లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో లాకప్పు, వరండా, ఎంట్రన్స్, అన్ని చోట్లా కెమెరా పెట్టమంది, ఫుటేజీ 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది ఉంచమంది. కాబట్టి ఏదైనా జరిగితే వారంలోపే ఫలానా తేదీ ఫలానా టైమ్ ఫుటేజీ భద్రపరచండి అని రాసివ్వాలి. కెమెరా పాడైందని జవాబొస్తే ఆ జవాబు కూడా రాతలోనే అడగండి.

కాలర్: సరే మేడమ్. నమ్మకం అయితె రాలేదు.

అడ్వకేట్: నిన్ను నమ్మమని నేనెప్పుడన్నాను? రాసుకోమన్నా.

యాంకర్: టైమ్ తక్కువుంది, చివరి కాల్, టోలీచౌకి నుంచి. చెల్లెమ్మా, తొందరగా.

కాలర్ (టోలీచౌకి): మేడమ్, కాలేజీకి వెళ్లే దారిలో ఒకడు రోజూ బుర్ఖా గురించి కామెంట్స్ చేస్తున్నాడు, ఇంట్లో చెప్తే కాలేజీ మాన్పిస్తారు, స్టేషన్‌కి వెళ్తే చూసినవాళ్లు ఏమనుకుంటారో...

అడ్వకేట్: స్టేషన్‌కి వెళ్లక్కర్లేదు. ఆడవాళ్లని వేధించేవాళ్లని పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్, 2014 నుంచి ఉన్నాయి, వాట్సాప్‌లోనే కంప్లైంట్ తీసుకుంటారు, మఫ్టీలో వస్తారు. పాతబస్తీ అమ్మాయిలు దీన్ని బాగానే వాడుకుంటున్నారు, పోలీసుల గురించి నేను మంచి మాట చెప్పే చోట్లలో ఇదొకటి. టైమ్, ప్లేస్, వాడి బండి నంబర్ పంపండి.

కాలర్: ఇంకోటి మేడమ్, మా అమ్మీకి కూడా ఒక కంప్లైంట్ ఉంది, మా మామూ ఇంటి కాగితాలు లాక్కున్నాడు. ఆమెకి ఉర్దూ తప్ప రాయడం రాదు.

అడ్వకేట్: ఉర్దూలోనే రాయమనండి. 2017 నుంచి తెలంగాణ మొత్తానికి ఉర్దూ రెండో అధికార భాష, మాకు అర్థం కాదు అని వెనక్కి ఇవ్వడానికి లేదు. రాయకుండా నోటితో చెప్పినా బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173 ప్రకారం వాళ్లే రాసుకుని, చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకోవాలి. చదివి వినిపించేదాకా అమ్మీని సంతకం పెట్టొద్దనండి.

కాలర్: చదవకుండానే పెట్టమంటే?

అడ్వకేట్: మీరు పక్కనే కూర్చోండి, "అమ్మీకి ఒకసారి చదివి వినిపించండి సార్" అనండి. కాలేజీ చదువుతున్నారుగా, ఆ మాత్రం అనగలరు.

యాంకర్: టైమ్ అయిపోయింది, లైన్లో ఇంకా చాలామంది ఉన్నారు, సారీ అండీ, వచ్చే వారం ఇదే టైమ్‌కి పాస్‌పోర్ట్ వెరిఫికేషన్, రౌడీషీట్ల మీద మాట్లాడదాం, నోటీసు ఏదైనా చేతికొచ్చి ఉంటే దగ్గర పెట్టుకుని కాల్ చేయండి.