డిగ్రీ అయ్యాక పీజీ సీటు: గ్యారంటీ ఎవరివ్వాలి?

నమస్తే అండీ. డిగ్రీ ఫైనలియర్ పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ, ఈ వీడియో మీకోసం.

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర, గుంటూరు బ్రాడీపేటలో, ఎక్కడ చూసినా విదేశీ చదువుల బోర్డులే. వాటిలో కొందరు ‘మాస్టర్స్ సీటు గ్యారంటీ’ అంటారు. అసలు అలాంటి గ్యారంటీ ప్రపంచంలో ఎక్కడైనా ఉందా? ఉందండీ. డెన్మార్క్‌లో ఏకంగా చట్టమే ఉంది. అక్కడ యూనివర్సిటీలో బ్యాచిలర్ డిగ్రీ పాసైతే, అదే యూనివర్సిటీలో, ఆ సబ్జెక్టుకు కొనసాగింపుగా ఉన్న మాస్టర్స్‌లో చేరడం విద్యార్థి హక్కు. వేరే సబ్జెక్టు కావాలన్నా, వేరే యూనివర్సిటీకి మారాలన్నా మాత్రం అందరితో పాటు పోటీ పడాల్సిందే.

గుంటూరులో బీఎస్సీ చేసి వెళ్లేవాళ్లకు ఈ హక్కు రాదు. డెన్మార్క్‌లో డిగ్రీ చేసినవాళ్లకే అది. కాబట్టి ఎవరైనా గ్యారంటీ అంటే ముందు యూనివర్సిటీ ఇచ్చిన లెటర్ చూపించమనండి. అందులో ‘కండిషనల్’ అని ఉంటే, ఫైనల్ మార్కులు, ఇంగ్లిష్ టెస్ట్ స్కోరు లాంటి షరతులు తీరేదాకా సీటు మీది కాదు. తీరినా వీసా ఇచ్చేది యూనివర్సిటీ కాదు. పొలం అమ్మి అడ్వాన్సు కట్టే ముందు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక మన సంగతి. ఒకప్పుడు మన గుంటూరు పక్కనున్న నాగార్జున యూనివర్సిటీ తన పీజీ సీట్లకు తనే ఎంట్రన్స్ పెట్టుకునేది. 2021 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఒకటే ఎంట్రన్స్, పీజీసెట్. వంద ప్రశ్నలు, తొంభై నిమిషాలు. ఒక్క పరీక్షతో ఇన్ని యూనివర్సిటీలకు దారి దొరకడం మంచిదే, కాదనను. నా బాధ ఆ తర్వాతి నెలల గురించి. రిజల్టు, ర్యాంకు, కౌన్సెలింగ్, రెండో విడత... ఎప్పుడు ఏది మొదలవుతుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈలోగా మగపిల్లాడైతే ఏదో కోర్సు నేర్చుకుంటానని అమీర్‌పేట బస్సెక్కేస్తాడు. ఆడపిల్లైతే? ‘ఖాళీగానే ఉంది కదా’ అని సంబంధాలు చూడటం మొదలవుతుంది. ఆ అమ్మాయికి కెమిస్ట్రీలో డిస్టింక్షన్ ఉన్నా సరే. సీటు రాక ఆగిపోయిన చదువు కాదండీ అది, వస్తుందో రాదో తెలియక ఆగిపోయిన చదువు.

అందుకే ప్రభుత్వాన్నీ, యూనివర్సిటీలనూ నేను అడిగేది ఇదీ. డిగ్రీలో చేరిన రోజే ఒక మాట కాగితం మీద ఇవ్వండి: యూనివర్సిటీ పరీక్షల్లో ఇన్ని మార్కులు తెచ్చుకుంటే, నీ సబ్జెక్టు పీజీలో నీకు సీటు ఖాయం అని. డిగ్రీ పాసయ్యే అందరికీ సరిపడా పీజీ సీట్లు లేవు, నిజమే. అందుకే మార్కుల హద్దు పెట్టమంటున్నాను. రిజర్వేషన్లు అలాగే ఉండాలి. సబ్జెక్టు మారాలనుకునేవాళ్లకు పీజీసెట్ ఎలాగూ ఉంటుంది. సొంతంగా పరీక్షలు పెట్టుకునే అటానమస్ కాలేజీలు పోను, నాగార్జున కింద ఉన్న మిగతా కాలేజీలకు పరీక్ష పేపరు యూనివర్సిటీదే అయినప్పుడు, ఆ మార్కులను యూనివర్సిటీయే నమ్మకపోతే ఎలా?

ఇంటర్ పిల్లలకు ఒక మాట. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులు, తిరుపతిలోని కేంద్ర ప్రభుత్వ సైన్స్ సంస్థ ఐసర్‌లో అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉన్నాయి. ఇంటర్ తర్వాత ఒక్కసారి సీటు వస్తే, పాసవుతూ వెళ్తే మాస్టర్స్ అందులోనే పూర్తవుతుంది. ఎప్‌సెట్ ఒక్కటే లోకం అనుకోకండి.

డిగ్రీ నాలుగో ఏడాది ఆనర్స్‌కు ఉందామా అనుకునేవాళ్లు మాత్రం తొందరపడకండి. నాలుగేళ్లు చదివినవాళ్లకు ఏడాది పీజీ పెట్టుకోవచ్చని, దేశంలో యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2024లో చెప్పింది. పెట్టుకోవచ్చు అంది, మీ సబ్జెక్టులో పెట్టారా లేదా అన్నది యూనివర్సిటీని అడగాలి. లేకపోతే నాలుగేళ్లు చదివి కూడా రెండేళ్ల పీజీలోనే కూర్చోవాల్సి రావచ్చు.

సీటుతో పాటు ఫీజూ చూసుకోండి. ప్రైవేటు కాలేజీల్లో పీజీకి ఫీజు రీయింబర్స్‌మెంటు ఆపేస్తూ 2020లో జీవో 77 వచ్చినప్పుడు, సీటొచ్చినా చేరలేని పరిస్థితి ఎంతోమందికి ఎదురైంది. సీటు హామీ ఇస్తే, పేదపిల్లలకు ఫీజు హామీ కూడా అందులోనే ఉండాలి.

పీజీసెట్ పెట్టించే రాష్ట్ర ఉన్నత విద్యామండలి మన మంగళగిరిలోనే ఉంది. ఇటు విజయవాడ వాళ్లకూ, అటు గుంటూరు వాళ్లకూ దగ్గరే. విద్యార్థి సంఘాలూ, లెక్చరర్లూ కలిసి ఈ హామీ కోసం అర్జీ తీసుకెళ్తామంటే నేనూ వస్తాను. మీ కాలేజీలో పీజీ సీటు కోసం ఎదురుచూస్తూ ఆగిపోయినవాళ్లుంటే, వాళ్ల సబ్జెక్టు, ఏ దశలో ఆగారో కింద రాయండి. పేర్లు వద్దు. అర్జీకి అవే జతచేద్దాం.