పిక్క నొప్పి, చైనా సూది

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఉన్న మాస్టారు నేను లోపలికి రాగానే పట్టుకున్నారు, "డాక్టర్ గారూ, చైనా సూదులతో, అదే ఆక్యుపంక్చర్‌తో, పిక్క నొప్పి పోతుందా?" అని. కొన్ని పోతాయండీ, కొన్నింటికి మాత్రం సూదో, కాపడమో పెట్టడమే తప్పు. ఆ తప్పు నేనే ఒకసారి చేశాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను ఎంబీబీఎస్ చైనాలో చదివాను, అక్కడ వాళ్ళ సంప్రదాయ వైద్యం కూడా మాకు ఒక సబ్జెక్టు. మూడో ఏడాది బ్యాడ్మింటన్ ఆడుతుంటే ఎడమ పిక్క మీద ఎవరో వెనక నుంచి రాయితో కొట్టినట్టయింది. కొత్తగా నేర్చుకున్న ఉత్సాహం కదా, రూముకి పోయి మాక్సా కడ్డీ వెలిగించి కాపడం పెట్టుకున్నాను. మాక్సా అంటే వేరే ఏం కాదు, వినాయక చవితికి మనం పెట్టే మాచిపత్రికి దగ్గరి చుట్టం, ఆ ఆకు ఎండబెట్టి, దంచి, చుట్టలా చుడతారు. తెల్లారేసరికి పిక్క ఎర్రగా ఉబ్బిపోయి, ముట్టుకుంటే కాలుతోంది.

మా ప్రొఫెసర్ గారు సూది చేతిలోకి తీసుకోలేదు. అరచెయ్యి తిప్పి, చేతి వెనక భాగంతో ముందు మంచి కాలు, తర్వాత నొప్పి కాలు తాకి చూశారు. "వేడిగా ఉన్నదానికి ఇంకా వేడి పెడతావా?" అని అందరి ముందూ తిట్టారు. వాళ్ళ లెక్కలో ఇలాంటి నొప్పి పేరు 'బీ'. గాలి, చలి, తేమ కలిసి ఒంట్లో దారులు మూసేస్తే వస్తుందని రెండు వేల ఏళ్ల నాటి హువాంగ్‌దీ నేయ్‌జింగ్ అనే చైనా వైద్య గ్రంథంలో ఉంది. చలికి బిగుసుకుపోయి, కాపడం పెడితే హాయిగా ఉండే నొప్పి ఒకటి, ఎర్రబడి మండే నొప్పి ఇంకొకటి. రెండోదానికి మాక్సా పనికిరాదు, దానికి 'సీ మియావ్' అని నాలుగు దినుసుల మందు ఇస్తారు, అందులో నియూషీ అనే వేరు ఉంటుంది, అది మన ఉత్తరేణి జాతిదే. ఉత్తరేణి కూడా చవితి పత్రిలోదే, చూశారా!

రాత్రిళ్ళు పిక్క పట్టేసే వాళ్ళకి మందు వేరే ఉంది, పియొనీ అనే పూలమొక్క వేరూ అతిమధురం కలిపిన కషాయం. చైనాలో హాన్ రాజుల చివరి కాలంలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు రాసిన మందు అది, జపాన్ డాక్టర్లు ఈ రోజుకీ రాస్తారు. అయితే అతిమధురం ఎక్కువ రోజులు వాడితే పొటాషియం పడిపోయి బీపీ పెరుగుతుంది. బీపీ మాత్రలు వేసుకునే వాళ్ళు యూట్యూబ్ చూసి కాచుకోకండి.

మళ్ళీ నా కాలి దగ్గరికి వస్తాను. ప్రొఫెసర్ గారు టేపు తీసి, మోకాలి చిప్ప కింద ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్లు దిగి, రెండు పిక్కల చుట్టూ కొలిచారు. తేడా 3 సెంటీమీటర్లు దాటితే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టిందేమో అని అనుమానించాలి. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది, అందుకే అలాంటి కాలికి మర్దన చెయ్యకూడదు. పెద్ద ఆపరేషన్ తర్వాతో, మంచాన పడ్డాకో, అమెరికా విమానం దిగాకో ఒక్క కాలే వాస్తే నా దగ్గరికి కాదు, సూటిగా డాప్లర్ స్కాన్‌కి, అంటే సిరల్లో రక్తం ఎలా పారుతుందో చూసే స్కాన్‌కి, వెళ్ళండి. నన్నూ ఆయన ముందు అక్కడికే పంపారు. గడ్డ లేదు, కండరం చిరిగింది, అంతే. వేడి తగ్గాకే సూదులు పెట్టారు, నొప్పి తగ్గింది. అది సూదుల గొప్పా, మూడు వారాలు ఆట మానేసిన ఫలితమా అంటే రెండోదానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

సరే, ఇప్పుడు పిక్కలు వాపు లేకుండా ఊరికే బిగుసుకుపోయే వాళ్ళు లేచి, కుర్చీ పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడండి. పిక్క కండ కింద తిరగేసిన వి ఆకారంలో గీత పడుతుంది కదా, దాని కొస దగ్గరే చెంగ్‌షాన్ అని సూది పెట్టే చోటు ఉంది, ఆ పేరుకి అర్థం కొండను మోసేది అని. కూర్చుని అక్కడ బొటనవేలితో నిదానంగా నొక్కండి. మాస్టారూ, మీరు నొక్కకండి, ముందు ప్యాంటు పైకి మడవండి, రెండు కాళ్ళూ చూడాలి.